సుబ్బయ్య బొమ్మల విసనకర్రలు

స్మార్ట్ ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో మాకు జ్ఞానం ఎంత వచ్చిందో చెప్పలేను గానీ, వచ్చేసిందన్న ధీమా మాత్రం బాగా వచ్చింది. పొద్దున టిఫిను తింటూ ఒక వీడియో చూసినవాడు మధ్యాహ్నానికి గుండె డాక్టరు, సాయంత్రం ఇంకోటి చూస్తే ఆర్థిక శాస్త్రవేత్త. మా స్నేహితుల్లో ఒకడు కుందేళ్ళ పెంపకంలో పడ్డాడు. (కుందేళ్ళు వాణ్ణి వదిలి ఎప్పుడో పోయాయి, వాడే వాటిని ఇంకా వదల్లేదు.) ఇంకొకడు షేర్లలో దిగి ఇప్పటికీ పైకి రాలేదు. నేను వాళ్ళకంటే నాజూకైనవాణ్ణి, కళాహృదయం ఉన్నవాణ్ణి అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఎవరూ పడని గుంట చూసుకుని పడ్డాను. పాత పత్రికల్లో రోజూ వచ్చిన బొమ్మల స్ట్రిప్పుల ఒరిజినల్స్ సేకరించి, వాటికి విలువ కట్టే నిపుణుణ్ణి కావాలనుకున్నాను.

అదేం పిచ్చిరా అని అప్పట్లో అడిగినవాళ్ళందరికీ చెప్పాను, మీకూ చెప్తాను. పత్రికలో మూడు గడుల్లో రోజూ ఒక బొమ్మల కథ వస్తుంది చూడండి, అది అచ్చులో మన అరచేతికి కాస్త పెద్దగా ఉంటుంది. కానీ చిత్రకారుడు దాన్ని గీసేది మూరెడు పొడవున్న మందపాటి అట్ట మీద. ముందు లేత నీలం పెన్సిలుతో గీసుకుని, దాని మీద నల్ల ఇంకు దిద్దుతాడు. ఆ నీలం గీతలు అచ్చులో పడవు. తప్పు వస్తే తెల్ల రంగు పూసి మళ్ళీ గీస్తాడు. అచ్చయిపోయాక ఆ అట్టను ఎవడూ పట్టించుకోడు. పట్టించుకోరు కాబట్టే అవి మిగలవు, మిగలవు కాబట్టే మిగిలిన వాటికి విలువ. ఈ రహస్యం ఫోనులో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను ఉంటున్నదే అలాంటి ఒక చిత్రకారుడి ఇంట్లో.

ఆయన మా అమ్మకు పెద్దన్న. నాకు పెదమామ. ఊళ్ళో అందరికీ బొమ్మల మామ. కావలిలో డిగ్రీ అయిందనిపించుకుని, తోటపల్లి గూడూరు వైపు రొయ్యల మేత అమ్మే ఒక చిన్న కంపెనీలో నేను గుమాస్తాగా చేరినప్పుడు, ఆ పక్కనే ఉన్న వాళ్ళ ఊళ్ళో వాళ్ళింట్లోనే దిగాను. పెదమామ వయసులో ఉండగా నెల్లూరు నుంచి వచ్చే ఒక చిన్న దినపత్రికకు 'చుక్కాని సుబ్బయ్య' అనే స్ట్రిప్పు గీసేవాడు. సుబ్బయ్య రోజూ పడవేసుకుని సముద్రం మీదికి పోతాడు. చేప తప్ప అన్నీ తెస్తాడు. విరిగిన కుర్చీ, ఎవరిదో మేక, ఒకసారైతే ఓడిపోయిన అభ్యర్థి బ్యానరు. మూడో గడిలో వాళ్ళావిడ శేషమ్మ ఒక్క మాట అంటుంది, అంతటితో సుబ్బయ్య పని సరి. ఒకరోజు ఆ పత్రిక మూతపడింది, మామ గీయడం మానేశాడు. అప్పటినుంచీ నీళ్ళపొయ్యిలాగా లోపల్లోపల రగులుతూ వసారాలో పడక్కుర్చీలో కూచుని, లోకంలో ఎవరికీ గీత గీయడం రాదని పేపరు చూసినప్పుడల్లా అంటూ ఉండేవాడు.

ఒరిజినల్స్ యాడున్నాయి మామా అని అడిగే ధైర్యం నాకు లేదు. చివరికి అవే కనబడ్డాయి. ఓ పూట అన్నంలోకి మాగాయ కోసం జాడీ మూత తీశాను. మూత గుండ్రంగా కత్తిరించిన అట్ట. తిప్పి చూస్తే నూనె మరకల మధ్య సుబ్బయ్య తల, సగం శేషమ్మ, అంచున లేత నీలం గీతలు! నేను అన్నం ముందు నుంచి లేచి గావుకేక పెట్టాను. అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏంది నాయనా, బల్లి పడిందా?"

"ఇది యాడిది అత్తా?"

"అదా? మీ మామ గీతే. మిగతావాటికి జాడీలు లేక చర్చికిచ్చేసినా."

వసారాలోంచి మామ గొంతు వినిపించింది. "నన్నడిగి ఇచ్చినావా?"

"అడిగితే ఇస్తానన్నావా? పత్రిక మూతబడిన రోజు గోతాం నిండా ఆ అట్టలేసుకోనొచ్చి మంచం కింద తోసినాడబ్బయా. చెదలు పడతాయి, ఎలకలు చేరతాయి అని మొత్తుకున్నా. కళ అన్నాడు. ఆ కళలో తేలు పిల్లల్ని బెట్టింది. అదే ఎండాకాలం మన చర్చోళ్ళు ఉజ్జీవ కూటాలని రోజూ ప్రార్థనలు బెట్టినారు. జనం ఉడికిపోతా ఉంటే చూళ్ళేక, అట్టలు గెట్టిగా ఉండాయి గదా అని తాటి బద్దలేసి కుట్టి, చుట్టూ చీరంచు కట్టి, స్త్రీల సమాజానికి విసనకర్రలు చేసిచ్చినా. దేవుని పనికి పనికొచ్చినాయి. తేలూ పోయింది."

ఆ మూతకే ఫోటో తీసి, నాబోటి పిచ్చివాళ్ళు గుమిగూడే ఒక ఆన్‌లైను గుంపులో పెట్టాను. గంట తిరక్కుండా చెన్నైనుంచి ఒకాయన ఫోను చేశాడు. ఆయన్ని నేను చేతొడుగుల సారు అంటాను, ఎందుకో తరవాత తెలుస్తుంది. చిన్నప్పుడు నెల్లూరులో ఉండి సుబ్బయ్యను చదివాడట. "తమ్ముడూ, ఆఖరి కథలో సుబ్బయ్య పెళ్ళాంతో పోట్లాడి, ఇక ఇంటికి రానని పడవెక్కి పోయాడు. మర్నాడు పత్రిక రాలేదు. మళ్ళీ రాలేదు. నేను ఇన్నేళ్ళుగా వాడు ఏమయ్యాడా అని బాధపడుతున్నా. ఆ ఆఖరి స్ట్రిప్పు మీ మామయ్య గీశారా?" అన్నాడు. నేను ఫోను చేత్తో మూసి మామను అడిగాను. "గీసినా, ఇచ్చినా, పొద్దునకి ఆఫీసుకి తాళం బడింది. అదీ ఆ గోతాంలోనే ఉండె," అన్నాడు మామ. అదే మాట చేతొడుగుల సారుకు చెప్పాను. ఆఖరి కథ అట్టలన్నీ దొరికితే, ముఖ్యంగా అచ్చు కాని ఆ ఆఖరిది దొరికితే, వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం తానే వస్తానన్నాడు. కోరిన ధర ఇస్తానన్నాడు. ఆఖరిది లేకపోతే మాత్రం తను రావడం దండగన్నాడు. అంటే లెక్క తేలిపోయింది. ఆ ఒక్క అట్ట దొరికితే నేను నిపుణుణ్ణి, కొత్త మోటారు సైకిలు మీద తిరిగేవాణ్ణి. దొరక్కపోతే రొయ్యల మేత గుమాస్తాని.

ఆ ఆదివారం చర్చికి అందరికంటే ముందు పోయి కూచున్నాను. (అంతకు ముందు ఆఖరి ప్రార్థనకు అందుకునేవాణ్ణి. పాస్టరు అయ్యగారు నన్ను చూసి నా మనసు మారిందని సంతోషించి, ప్రసంగంలో బైబిలు కథలోని తప్పిపోయిన కుమారుణ్ణి తలుచుకున్నారు.) కరెంటు మామూలుగానే లేదు. ఆడవాళ్ళ వైపు విసనకర్రలు లేచాయి. అన్నీ సుబ్బయ్యలే! మూరెడు అట్టకు మధ్యలో నిలువుగా తాటి బద్ద. ఒకరు విసురుకుంటే పక్కనున్న ఇద్దరికి గాలి. నేను ప్రసంగం వదిలేసి మెడ సాచి చూస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. వాళ్ళు విసురుకోవడమే కాదు, చదువుతున్నారు. చదివిన కర్ర పక్కావిడకు ఇచ్చి, ఆమె చేతిది తీసుకుంటున్నారు. అలా వరస ప్రకారం కథ బెంచీనుంచి బెంచీకి పోతోంది. మధ్యలో ఎవరో ఒకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిస్తున్నారు. చర్చి అయ్యాక ఎవరి చేతికి ఏది మిగిలితే అది ఇంటికి తీసుకుపోయి, వారం రోజులు విసురుకుని, మళ్ళీ ఆదివారం తెస్తారు. ఇన్నేళ్ళుగా జరుగుతున్న వ్యవహారమట. ఎవరూ దాన్ని వింతనుకోలేదు. నేనూ అనుకోలేదు. నాకప్పుడు కనిపించిందల్లా ఒరిజినల్స్‌కు జరుగుతున్న ఘోరం. బద్ద కుట్టడానికి సుబ్బయ్య ముక్కులోంచి దారం దూర్చింది మా అత్త.

మామ మగవాళ్ళ వైపు ఆఖరి బెంచీ మీద కూచుని, ఆయన అలవాటు ప్రకారం ఆడవాళ్ళ వైపే చూస్తున్నాడు. ఈ అలవాటు మా ఇంట్లో పెద్ద గొడవ. పెద్దమనుషులు ఒకసారి ఆయన్ని పక్కకు పిలిచి మెత్తగా మందలించారు కూడా. "వయసొచ్చి, పండ్లూడి, దేవుని మందిరంలో ఆ చూపులేంది?" అని అత్త ప్రతి ఆదివారం అన్నం పెడుతూ అనేది. మామ పప్పు కలుపుకుంటూ ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. మామూలుగా జవాబివ్వకుండా ఉండే మనిషి కాదు గనక, తప్పు ఉందనే మేమంతా ఖాయం చేసుకున్నాం.

మెడ్రాసు నుంచి ఒకాయన తన బొమ్మల కోసం కారేసుకుని వస్తున్నాడని తెలిశాక మామ మనిషి మారిపోయాడు. మా నెల్లూరు మాటల్లో చెప్పాలంటే ఎచ్చులకు పోయాడు. చొక్కా ఇస్త్రీ చేయించాడు. పాత క్యాలెండరు వెనక సంతకం ప్రాక్టీసు చేశాడు. "చూడబ్బయా, ఈ ఊళ్ళో నా గీత విలువ ఎవురికి తెలుసు? తెలిసినోడు తెలిసినట్టే వొస్తాడు. అన్నీ వసూలు చెయ్యి," అని అనుమతి ఇచ్చేశాడు. అత్త మాత్రం, "ఇచ్చింది మళ్ళా అడిగితే బాగుంటదా?" అని గొణిగింది. దానికి నా దగ్గర ఉపాయం ఉంది. మా కంపెనీ రైతులకు పంచమని గుండ్రటి ప్లాస్టిక్ విసనకర్రలు చేయించింది. ఎర్ర పిడి, పసుపు రంగు, మధ్యలో మీసాలు దువ్వుకుంటున్న రొయ్య. ఒక కట్ట సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పాతది ఇవ్వండి, కొత్తది తీసుకోండి. లోకంలో ఇంతకంటే ధర్మమైన బేరం ఉంటుందా అనుకున్నాను.

అక్కడ తెలిసింది నాకు, విలువ కట్టడం అంటే ఏమిటో. నా లెక్కలో మంచి అట్ట అంటే నీలం గీతలు కనబడాలి, సుబ్బయ్య మొహం పూర్తిగా ఉండాలి, శేషమ్మ మాట చెరిగి ఉండకూడదు. వాళ్ళ లెక్క ఒక్కటే, గాలి. మొదటింటావిడ నా రొయ్యను తీసుకుని, నిద్రపోతున్న చంటిపిల్ల మీద ఒకసారి విసిరి, సుబ్బయ్యతో ఒకసారి విసిరి, తలడ్డంగా ఆడించింది. "ఇదేం గాలి నాయనా, ఈగ గూడా లేవలా." పక్కింటావిడ, "వొగటికి రెండిస్తే చూద్దాం," అంది. ఇంకొకావిడ చేతిలో ఉన్నది అన్నిటికంటే శుభ్రంగా, చుక్క మరక లేకుండా ఉంది. నేను ఆశగా చెయ్యి చాచాను. ఆమె దాన్ని అవతల పడేసినట్టు నా చేతిలో పెట్టి, "ఇది తీస్కోని పో, మెత్తబడింది, గాలి రాదు," అంది. మరోచోట తడిసి, ముడతపడి, పసుపంటి, సుబ్బయ్య మొహమే పోయిన దాన్ని ఇవ్వమంటే ఆ ఇంటావిడ ఏడ్చినంత పని చేసింది. అయినా చివరికి అందరూ ఇచ్చారు. నా రొయ్య గొప్పని కాదు. "బొమ్మల మామవి మెడ్రాసు పోతాయంటనే? మామకి మంచి జరగతాదంటే మాకేం గావాల," అని ఇచ్చారు. ఆ మాట అప్పుడు నా చెవుల్లో పడింది గానీ మనసులోకి పోలేదు. వారం మధ్యకల్లా ఆఖరి కథ మొత్తం నా మంచం మీద పరుచుకుంది, ఆఖరిది తప్ప.

ఆఖరిది ఉప్పవ్వ దగ్గర ఉంది. ఉప్పవ్వ అంటే వయసులో ఉండగా ఊరూరా ఉప్పమ్మిన ముసలామె. ఎవరి మాటా వినే రకం కాదు. పంచలో కూచుని అదే విసురుకుంటోంది. నేను ఆ అట్ట మీద మూడు గడులూ అప్పుడే మొదటిసారి చూశాను. మొదటి గడిలో పొద్దుగూకే వేళ పడవ ఇసుకకు తగిలింది. రెండో దాంట్లో సుబ్బయ్య చేతిలో ఒకే ఒక్క నెత్తలి చేప పట్టుకుని, మహారాజులా గుమ్మంలో నిలబడ్డాడు. మూడో దాంట్లో శేషమ్మ వెనక్కి తిరిగి చూడకుండానే రెండో కంచం పెడుతూ, "కాళ్ళు కడుక్కోని రా," అంటుంది. అంతే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ దాన్ని ఎందుకు వదలడం లేదో నాకు తక్షణం అర్థమైపోయింది. సముద్రం మీదికి పోయినవాడు తిరిగొచ్చిన బొమ్మ! పాపం, ఈమె మొగుడు ఏ తుఫానులో పోయాడో, తిరిగి రాని మనిషి కోసం ఈ అట్టను గుండెకు హత్తుకుని బతుకుతోందన్నమాట. గొంతు తగ్గించుకుని ఆమె పక్కన కూచున్నాను.

"అవ్వా, నీ బాధ నాకు తెలుసు. మీ ఆయన..."

"ఆయనకేమొచ్చింది?"

"ఎప్పుడు పోయినాడవ్వా?"

"నీ నోట్లో మన్నుబడ! అడుగో, ఆ మంచం మీద పడుకోనుండాడు చూడు!"

చూశాను. గోడవార మంచం మీద తాత, పంచె మోకాళ్ళకు ఎగ్గట్టి, గురక పెడుతున్నాడు. ఎన్నడూ పడవెక్కని మనిషట. నీళ్ళంటే భయమట.

"మరెందుకవ్వా ఇయ్యవు?"

"గాలొస్తాది గదా. అన్నింట్లోకీ దీనిదే మంచి గాలి. నీ రొయ్యతో విసిరితే ఈయన ఉడికిపోతాడు." కాసేపు బతిమాలాక కాస్త మెత్తబడింది. "సరేలే, మామ కోసం ఆదివారం తెస్తా. ఆ మెడ్రాసాయనకి చూపిస్తా. నా చేతిలోనే ఉంటాది. పిడి మాత్రం వదల్ను."

ఆదివారం వచ్చింది. ఎండ చంపేస్తోంది. కరెంటు లేదు. అయ్యగారు ప్రసంగం ఎత్తుకున్నారు. ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా పసుపు రంగు రొయ్యలన్నీ లేచాయి. ఉప్పవ్వ చర్చికి రాలేదు, మిగతా అందరి చేతిలో ఒకటే రొయ్య, ఒకటే మీసం. కాసేపు విసురుకున్నారు. పక్కావిడతో మార్చుకుందామని చూస్తే ఆమె చేతిలోనూ అదే రొయ్య. కొందరు అలవాటుగా మార్చుకుని, తిప్పి చూసి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరి భుజమూ కదల్లేదు. ఎవరూ కొంగు నోటికి పెట్టుకోలేదు. చేసేది లేక అందరూ ప్రసంగం విన్నారు. అంత శ్రద్ధ ఎన్నడూ ఎరగని అయ్యగారు తడబడి రెండుసార్లు ఒకే వాక్యం చదివారు. నేను గర్వంగా మామ వైపు తిరిగాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఖరి బెంచీ మీద, ఎప్పటిలాగే ఆడవాళ్ళ వైపు చూస్తున్నాడు. చూపు ఒక మొహం మీదినుంచి ఇంకో మొహం మీదికి వెతుక్కుంటూ పోతోంది. ఎక్కడా ఆగడం లేదు. నాకా మనిషిని చూస్తే భయమేసింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

దారిలో అత్త మామూలు పాట ఎత్తుకుంది. "ఈ దినం గూడా అదే చూపు గదా. సిగ్గులేదు."

మామ నడుస్తున్నవాడు ఆగాడు. "ఇన్నేండ్లూ నేను జూసింది ఆడోళ్ళని గాదే, పిచ్చిదానా. నవ్వుతారా లేదా అని జూసినా. ఎవురు యాడ నవ్వితే ఏ బొమ్మో నాకు తెలస్తాది. మేక బొమ్మకి మీ చెల్లెలు రెండో గడికే నవ్వేస్తాది, మూడోదాకా ఆగదు. పత్రికలో వొచ్చినప్పుడు ఎవురు నవ్వినారో నాకేం తెలుసు? ఈడ కండ్లారా జూసినా." వెనక్కి తిరిగి చర్చి వైపు చూశాడు. "ఈ దినం ఒక్కరు నవ్వలా."

అత్త "ఆ మాట ముందే ఏడవొచ్చుగదా! ఊళ్ళో పెద్దమనుషుల చేత మాట పడితివే!" అని కొంగుతో మొహం తుడుచుకుంది. నాకైతే నడిరోడ్డు మీద భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. మేం ముగ్గురం అక్కడ అలా నిలబడి ఉండగానే చెన్నై కారు మమ్మల్ని దాటి మా ఇంటి ముందు ఆగింది.

దిగినాయన ముందు జేబులోంచి తెల్లటి నూలు చేతొడుగులు తీసి వేసుకున్నాడు. మామ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. తరవాత మంచం మీద పరిచిన అట్టల్ని ఒక్కొక్కటే ఎత్తి, భూతద్దంతో చూస్తూ, ఒక కంట ఆనందం ఒక కంట ఏడుపుగా ఉండిపోయాడు. "ఆహా, నీలం గీత! అయ్యో, కుట్టు! ఇదేంటి, పంటిగాట్లా? సాంబారా?" ఇంతలో ఉప్పవ్వ వచ్చింది, చేతిలో ఆఖరిది. ఆమె వెనకే చర్చినుంచి ఆడవాళ్ళంతా వచ్చారు, మామకు జరిగే మంచి చూద్దామని. చేతొడుగుల సారు ఆ అట్ట చూసి చేతిలోది కింద పెట్టేసి ముందుకొచ్చాడు. తీసుకోబోయాడు. అవ్వ పిడి వదల్లేదు. పైగా చెమటతో తడిసిపోయిన ఆయన మొహం చూసి జాలిపడి, దాంతోనే జోరుగా విసరడం మొదలుపెట్టింది. ఆయన ఇన్నేళ్ళు ఎదురు చూసిన ముగింపు ఆయన ముక్కు ముందు అటూ ఇటూ ఊగుతోంది. "అమ్మా, కాస్త ఆపండమ్మా, చదువుకోవాలి," అని తలను దాంతోపాటే అటూ ఇటూ ఆడిస్తున్నాడు. "ముందు గాలి బోసుకో నాయనా, చదువుడు యాడికి పోతాది," అని అవ్వ.

ఈ లోపల మంచం చుట్టూ చేరినవాళ్ళు ఎవరు నాకిచ్చిన కర్ర వాళ్ళు గుర్తుపట్టి చేతిలోకి తీసుకున్నారు. వరస తప్పి ఉన్నాయని ఒకావిడ వాటిని సరిచేసింది. ఒకరు చదివి పక్కవాళ్ళకిచ్చారు. మేక బొమ్మ దగ్గర అత్త చెల్లెలు రెండో గడికే ఫక్కున నవ్వింది. ఇక్కడ అయ్యగారు లేరు, కొంగు అడ్డం పెట్టుకునే పని లేదు. నవ్వు గదంతా పాకింది. పొట్టలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మామ గుమ్మం పట్టుకుని నిలబడి ఒక్కొక్క మొహమే చూస్తున్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకు ముందు చూడలేదు.

చేతొడుగుల సారు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, అన్నీ తీసుకుంటాను. మీరేం చెప్తే అంత."

నా మోటారు సైకిలు కళ్ళముందు నిలబడి ఉంది.

"ఇవి నావి గాదు సార్," అన్నాడు మామ. "ఎప్పుడో ఇచ్చేసినా. వీళ్ళనడుగు."

వాళ్ళను అడిగే పని లేకపోయింది. ఎవరి విసనకర్ర వాళ్ళు విసురుకుంటున్నారు. ఆ మొహాలు చూసి ఆయన అడగలేదు. మామకు మాత్రం మనసు ఒప్పక, "కావాలంటే అదే బొమ్మ నీకు మళ్ళా గీసిస్తా," అన్నాడు. ఆయన ఇబ్బందిగా, "కొత్తగా గీసిందానికి విలువ ఉండదండీ, పాతదైతేనే..." అన్నాడు. అంతే, మామకు పాత కోపం మొత్తం తిరిగొచ్చేసింది. "పాతదే గావాలా? నాకంటే పాతది ఏముంది ఈ ఇంట్లో?" అని గద్దించాడు. అత్త వెంటనే లోపలికి పోయి మాగాయ జాడీ మూత తెచ్చి, "ఇది మా సొంతం, తీస్కోండి నాయనా," అని ఆయన చేతొడుగులో పెట్టింది. నూనె కారుతున్న ఆ సగం శేషమ్మను ఆయన కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు. ఆడవాళ్ళు పోతూ పోతూ రొయ్యలన్నీ నా మంచం మీద పడేసి పోయారు. ఉప్పవ్వ గుమ్మం దగ్గర ఆగి, "మామా, ఇవన్నీ కంఠతా వొచ్చేసినాయి. చేతులు పడిపోలేదు గదా, కొత్తవి గీయరాదా?" అని దబాయించింది.

మామ గీశాడు. చెయ్యి వణికినా గీశాడు. నాకు మాత్రం ఒక్కటీ చూపించేవాడు కాదు. నేను గదిలోకి వస్తే అట్ట బోర్లించేవాడు. అత్త బద్దలు కుట్టి నేరుగా స్త్రీల సమాజానికి చేరవేసేది. చర్చిలో నేను మెడ సాచితే ఆడవాళ్ళు చేతిలోది ఒళ్ళో దాచుకుని, నా వైపు చూసి, కొంగు నోటికి పెట్టుకునేవాళ్ళు. సేకరించేవాడంటే మళ్ళీ తీసుకుపోతాడన్న భయం కాబోలని నేను సర్దిచెప్పుకున్నాను. తరవాత ఉద్యోగం మారి కోవూరు చేరాను, పెళ్ళయింది, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. మామ పోయాడు. ఆయన లేని ఆ ఇల్లు చూడలేక అటు వెళ్ళడం తగ్గించేశాను.

మొన్న అత్తను చూద్దామని వెళ్ళి, ఆదివారం కావడంతో ఆమెను తీసుకుని చర్చికి పోయాను. కరెంటు లేదు. నడవా పక్కన కూచున్న నన్ను చూసి, అవతలి బెంచీ చివర ఉన్న ఒక కొత్త కోడలు జాలిపడి, "ఇదిగోండన్నా, విసురుకోండి," అని తన చేతిలోది ఇచ్చింది. ఆమెకు నేనెవరో తెలియదు. మామ గీతే. చెయ్యి వణికిన గీత. మొదటి గడిలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక బక్క కుర్రాడు, చంకనిండా విసనకర్రల కట్టతో, "ఇవి చాలా విలువైనవి," అని శేషమ్మకు చెప్తున్నాడు. రెండో గడిలో మిట్టమధ్యాహ్నం, అదే కట్ట చంకలో పెట్టుకుని, చెమటలు కారుస్తూ ఇసకలో నడుస్తున్నాడు. మూడో గడిలో సుబ్బయ్య గుమ్మం ముందు సొమ్మసిల్లి కూలబడి, "అక్కా, కొంచెం గాలి తగిలేట్టు ఏదన్నా ఉంటే ఇస్తావా?" అని అడుగుతున్నాడు. కట్ట మాత్రం చంకలోనే ఉంది.

ఆ ముక్కు నాది. ఆ నడక నాది. ఇన్నేళ్ళుగా ఈ ఊరి ఆడవాళ్ళంతా ఆదివారం ఆదివారం నవ్వుకుంటున్నది నన్ను చూసి! సిగ్గేసింది, మామ మీద కోపం వచ్చింది, వెంటనే ఆయన్ని చూడాలనిపించింది. ఆ తరవాత నవ్వు వచ్చింది. ఆపుకోలేక జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. ఆ పిచ్చి కుర్రాడు తరవాత ఏమయ్యాడో తెలుసుకోవాలి గదా. వంగి ఆ అమ్మాయిని మెల్లగా అడిగాను, దీని తరవాతది ఎవరి దగ్గరుందమ్మా అని.

"అది ముందు బెంచీలో అక్క దగ్గరుంది. ప్రసంగం అయ్యేలోపల ఇటొస్తాది. గమ్మునుండండన్నా," అంది.

నేను గమ్మున కూచుని, నా వంతు కోసం ఎదురు చూశాను.